పాత కంప్యూటర్ వెలిగింది

అన్నయ్యా,

పాలు పొయ్యి మీదున్నాయి, వెచ్చబెట్టుకుని తాగి మందు వేసుకో. మన పాత కంప్యూటర్‌ని బల్ల మీద పెట్టి వెళ్తున్నాను. ఆన్ చేస్తే కొత్త అడాప్టరే వాడు. పాతది ముట్టుకోకు, మళ్ళీ పొగ వదులుతుంది.

అవును, నువ్వు నిద్రపోయాక వెలిగింది! ఉబ్బిపోయిన కెపాసిటర్లన్నీ మార్చేశాను. నువ్వు మంచం మీంచి "టంకం అంత పొయ్యకే, గోడకి సున్నం కొడుతున్నావా?" అని కేకలేస్తుంటే ఒళ్ళు మండిపోయింది. కానీ నీ కుడిచెయ్యి పడిపోయాక అంత గట్టిగా నీ గొంతు వినడం అదే మొదటిసారి. అందుకే తిట్టనిచ్చి పని చేసుకున్నాను.

క్యాసెట్ బదులు మెమరీ కార్డు పెట్టుకునే బోర్డు కూడా బిగించాను. ఇంక ఆట లోడవ్వడానికి టీ తాగొచ్చేంతసేపు కాచుకోనక్కర్లేదు.

కీబోర్డు బిగించడం మాత్రం నీకే వదిలేశాను. బటన్లన్నీ కడిగి పళ్ళెంలో ఆరబెట్టాను. ఏది ఎక్కడో నీకు కళ్ళు మూసుకున్నా తెలుసు. కుడిచేత్తో బిగించు. వణికితే వణకనీ, జారిపడితే తీసి మళ్ళీ పెట్టు, ఎవరూ తరమట్లేదు. డాక్టరమ్మ ఇచ్చిన రబ్బరు బంతి నొక్కమంటే చిన్నపిల్లల ఆటంటావుగా, ఇది నీ పనే.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒక్క వరసైనా చాలు.

చెల్లి

అన్నట్టు, ఎడంచేత్తో బిగించేస్తే నాకేం తెలీదు. నిన్ను నమ్మే వెళ్తున్నాను.