ఎత్తు హ్యాండిల్ విషయమై

చిరంజీవి బుజ్జమ్మకు, సైకిలు యాత్రలో నాలుగు రోజుల్లో మూడు వందల కిలోమీటర్లు తొక్కి కూడా మీ నాన్న నిటారుగానే ఉన్నాడని తెలియజేయడమైనది.

గోడకానించిన సైకిలు మీద నన్ను కూర్చోబెట్టి, పేపరంతా చదివించి, అది పక్కన పెట్టగానే చేతులు వాటంతటవి వాలినచోట నువ్వు హ్యాండిల్ బిగించావు. "పాలబండిలా ఉంది, ఈ పనితనంతోనా దుకాణం పెడతావు?" అని ఈసడించాను. ఈ ఉదయం వంపు హ్యాండిల్, బూటును పట్టేసే పెడళ్లు గల మా జట్టు నాయకుడు కూడలిలో ఆగబోయి, బూటు ఊడక, సైకిలుతో సహా సగౌరవంగా పక్కకు ఒరిగాడు. నేను వెడల్పాటి పెడల్ మీంచి తాపీగా కాలు దించి ఆయన్ను లేపాను.

"నా చేతులూ మొద్దుబారాయి బాబాయ్. మీకేం కాలేదే! ఎవరు బిగించారీ ఎత్తు హ్యాండిల్?"

"మా అమ్మాయి."

"మెకానిక్కా?"

"అవును, మెకానిక్కే."

ఆ మాట నా నోట వెలువడటం ఇదే ప్రథమం. ఇన్నాళ్లూ చుట్టాలకు నువ్వు ఉద్యోగానికి చదువుతున్నావనే విన్నవించాను.

వంటింటి కుళాయి కారడం ఆగిందా? మోకాలికి తైలం మానొద్దని అమ్మతో చెప్పు.

వీధిగదిలో రిపేరు దుకాణం పెట్టరాదన్న నా ఉత్తర్వు ఇందుమూలంగా రద్దయింది. నా పడకకుర్చీ అక్కణ్ణుంచి తీయించవచ్చు. బోర్డు మాత్రం నేనొచ్చాకే కట్టాలి. నిచ్చెన పట్టుకునే హక్కు నాది.

ఆశీస్సులతో,
నీ మొదటి గిరాకీ,
నాన్న