గాలి పంపు కబుర్లు

భన్‌పురి, రాయపూర్
ఆదివారం

పృథ్వీ తాతగారికి,

శేషమ్మ నమస్కారాలు. ఇక్కడ అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. మీరూ అక్కడ అలాగే ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం మొన్న అందింది. జూట్ మిల్లు మగ్గాలు మీ చెవులు తినేసిన దగ్గర్నుంచి మనకు ఫోను పనికిరాకుండా పోయింది. ఆ మధ్య మన మురళి ఫోను కలిపి నా చేతికిస్తే నేను మందుల గురించి అడిగాను, మీరు వానల గురించి చెప్పారు. అంతకంటే ఈ కాగితమే నయం.

పులుసు చేదెక్కిందని రాశారు. మెంతులు మాడ్చేసి ఉంటారు. పోపు పెట్టేటప్పుడు కొట్లోకి ఎవరొచ్చారా అని తొంగి చూడకండి. సైకిలు ఎక్కడికీ పారిపోదు. మోకాలి నొప్పికి నేను కాచి పెట్టిన నూనె అటక మీద ఉంది, ఇంకా మూత తీసి ఉండరని నాకు తెలుసు.

మీ తమ్ముడు దానయ్య అడిగాడన్నారు, మొగుణ్ణి బొబ్బిలిలో వదిలేసి ఆవిడ అక్కడేం చేస్తోందని. ఆయనకు ఈ ముక్క చదివి వినిపించండి. మురళి రోలింగు మిల్లులో పొద్దున్నే డ్యూటీకి ఎక్కాలి. కోడలు నళినికి ఆఫీసు. మధ్యలో అయిదేళ్ళ పృథ్వీ. ఆ పిల్లాడు పిలిస్తే తిరిగి చూడడు, ఆకలేసినా అడగలేడు, ఇష్టం లేని చప్పుడు వింటే చెవులు మూసుకుని తల గోడకేసి కొట్టుకుంటాడు. పిల్లల్ని చూసే చోట చేర్చారు. వారం తిరక్కుండా అక్కడి ఆవిడ వాడి సంచి నళిని చేతిలో పెట్టి, "దూసరే బచ్చే డర్ జాతే హైఁ" అంది. మిగతా పిల్లలు జడుసుకుంటున్నారట. జడుసుకునేది వీడు. ధర్సీవా నుంచి ఒక ఆయా వచ్చింది, వాడు చెయ్యి కొరికేసరికి మళ్ళీ రాలేదు. బడివాళ్ళు మాటలొచ్చాక తీసుకురమ్మన్నారు. మాటలు రావడానికే కదా బడి! ఇన్ని తలుపులు మూశాకే నళిని నాకు కబురు పెట్టింది. దానయ్యకు ఇంకా ఏమైనా సందేహం ఉంటే, వచ్చి ఒక్కపూట వాణ్ణి చూసుకోమనండి.

ఇక మీరు అడిగిన పెద్ద ప్రశ్న. రోజంతా మీ ఇద్దరూ ఏం కబుర్లు చెప్పుకుంటారు, వాడు ఇంకా సుయ్ అంటున్నాడా అని అడిగారు. పోయిన ఉత్తరంలోనూ ఇదే అడిగారు.

మొదట్లో సంగతి మీకు రాశాను కదా. నేను కూరలు తరుగుతూ నోటికొచ్చిందల్లా మాట్లాడేదాన్ని. వాడు బియ్యం డబ్బా దగ్గర కూర్చుని బియ్యం గుప్పిళ్ళతో తీసి వదులుతూ ఉండేవాడు, నా వైపు చూసేవాడు కాదు. ఒకరోజు మీ కొట్టు సంగతి ఎత్తాను. వాడికి మూడేళ్ళప్పుడు బొబ్బిలి వచ్చి, మీరు టైరుకు గాలి కొడుతుంటే పక్కనే గొంతుకూర్చుని కదలలేదు, గుర్తుందా? ఆ మాటే చెబుతున్నాను. "మీ తాత పంచరు ఏసినాడు, పంపు ఎట్టినాడు, గాలి కొట్టినాడు" అంటున్నాను. వాడు లేచి వచ్చాడు. బియ్యం పిండి అంటిన అరచెయ్యి నా గొంతు మీద పెట్టాడు. మాట ఎక్కణ్ణుంచి వస్తోందో వెతుక్కుంటున్నట్టు పెట్టాడు. నేను ఆపకుండా చెప్పాను. నాలుగైదు రోజులు అలాగే వచ్చి చెయ్యి పెట్టాడు. ఆ తర్వాత ఒకనాడు పంపు దగ్గరికి వచ్చేసరికి వాడే "సుయ్" అన్నాడు. నళిని ఆఫీసు నుంచి రాగానే చెబితే చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి పరిగెత్తింది.

ఇంతవరకే మీకు తెలుసు. మీరు కొట్టుకు వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయారని కూడా రాశారు. అందుకే మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు.

వాణ్ణి మాటలు నేర్పే సెంటరుకు తీసుకెళ్తున్నారు. అక్కడి మేడం మంచిదే, ఓపిగ్గా చూస్తుంది. ఆవిడ ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడిగి, ఒక్క భాషే ఉండాలి, హిందీయే పెట్టుకోండి, బడీ వీధీ అన్నీ హిందీయే కదా అని చెప్పిందట. ఆ సాయంత్రం మురళి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. పుట్టాక వాడు నాతో అంత మెల్లగా ఎప్పుడూ మాట్లాడలేదు.

"అమ్మా, నువ్వేటీ అనుకోకు. ఆడితోటి మన బాస మాటాడకు. రెండు బాసలైతే ఆడికి బుర్ర తిరిగిపోతాదట."

"నాకు హిందీ రాదు కదరా" అన్నాను.

"రాకపోతే ఏటైంది? మాటాడకుండానే సూసుకో. అన్నం ఎట్టడానికి మాటలెందుకు?"

నేను సరే అన్నాను. బిడ్డ బాగుపడతాడంటే నోరు మూసుకోవడం ఏపాటి పని? ఆ రాత్రి నుంచే ఇల్లంతా హిందీ అయిపోయింది. వాళ్ళిద్దరూ వాడితో హిందీ, వాడి ముందు ఒకరితో ఒకరు హిందీ. నేను మటుకు పానీ, ఖానా, ఇధర్ ఆవో అని మూడు ముక్కలు నేర్చుకుని, అవి అయిపోతే పెదాలు బిగించి కూర్చునేదాన్ని. నా సంగతి మీకు తెలుసు కదా, గిన్నెలతో కూడా మాట్లాడే మనిషిని. పగలంతా వాడూ నేనే, ఇంట్లో కుక్కరు ఒక్కటే కూస్తుండేది.

వాడు మాత్రం రావడం మానలేదు. నేను కూరలు ముందేసుకోగానే వచ్చి, గొంతు మీద చెయ్యి పెట్టి నిలబడేవాడు. నేను మాట్లాడేదాన్ని కాదు. కాసేపు ఆగి చెయ్యి కొంచెం పక్కకు జరిపి మళ్ళీ చూసేవాడు. నోట్లోకి వచ్చిన మాట మింగేస్తే వాడి అరచేతి కింద గొంతు కదిలేది. దానికే ఆశపడి ఇంకాసేపు నిలబడేవాడు. నన్ను మాట్లాడొద్దన్నప్పుడు వాణ్ణి ఎవరూ అడగలేదండీ. వాడు మాత్రం చాలా రోజులు అలా వచ్చి నన్ను అడుగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత మానేశాడు.

సుయ్ కూడా పోయింది. పోయిన రెండు ఉత్తరాల్లో అంటున్నాడని రాశాను. అబద్ధం రాశాను. మీరు కొట్లో అందరికీ చెప్పుకుంటున్నారని తెలిసి నిజం రాయలేకపోయాను.

పోయిన వారం వాడి వికలాంగ సర్టిఫికెట్టు కోసం పెద్దాసుపత్రికి వెళ్ళాం. అక్కడ ఒక డాక్టరమ్మ, ముసలావిడే, పగలు పిల్లాడి దగ్గర ఎవరుంటారని అడిగింది. మురళి నన్ను చూపించాడు. ఈవిడ వాడితో ఏం మాట్లాడుతుందని అడిగింది. మురళి "కుఛ్ నహీఁ" అన్నాడు. ఏమీ మాట్లాడదు అని. ఆ రెండు మాటలు నాకూ అర్థమయ్యాయి. ఆవిడ కలం కింద పెట్టి చాలాసేపు మురళికి ఏదో చెప్పింది. చివర్లో నా వైపు తిరిగి చెయ్యి చూపిస్తూ, "దాదీ కో బోల్నే దీజియే" అంది. నానమ్మను మాట్లాడనివ్వండి అనట.

ఆటోలో తిరిగి వచ్చాం. భన్‌పురిలో లారీల మధ్య ఆటో ఆగిపోయినప్పుడు మురళి చెప్పాడు. "రెండు బాసలైనా ఏటీ కాదంటమ్మా. ఎవులు ఎక్కువ సేపు ఆడి కాడ ఉంటే ఆళ్ళు ఆళ్ళ బాసలోనే మాటాడాలంట. నువ్వు మాటాడమ్మా." అని, నా మొహం చూడలేక బయట లారీల వైపు తిరిగిపోయాడు. నళిని నా చెయ్యి పట్టుకుని ఇల్లు చేరేదాకా ఏడ్చింది. వాళ్ళను నేను ఏమీ అనలేదు, మీరూ అనకండి. బిడ్డ కోసం వాళ్ళు కూడా సొంత బాస చంపుకున్నారు.

ఇంటికి రాగానే బియ్యం డబ్బా పక్కన కూర్చుని మొదలుపెట్టాను. "మీ తాత పంచరు ఏసినాడు, పంపు ఎట్టినాడు..." వాడు బియ్యం వదులుతూనే ఉన్నాడు. మర్నాడూ చెప్పాను. ఇవాళ పొద్దున్న వాడి చెయ్యి నేనే తీసి నా గొంతు మీద పెట్టుకున్నాను. వాడు లాక్కుని మళ్ళీ బియ్యంలో పెట్టేసుకున్నాడు. కోపంతో కాదు. నా గొంతులో ఏమీ ఉండదని వాడికి నేర్పింది నేనే కదా.

వచ్చే నెల వచ్చి నన్ను తీసుకెళ్తానని రాశారు. ఒంటరిగా వండుకు తినలేకపోతున్నానని మీరు రాయకపోయినా నాకు తెలుసు. మీ పులుసు సంగతి చదివి నవ్వాను గానీ, తర్వాత కన్నీళ్ళొచ్చాయి. కానీ నేను రాలేను. వాడు మళ్ళీ లేచి నా దగ్గరికి వచ్చేదాకా ఈ వంటింట్లోంచి కదలను. ఎన్నాళ్ళు పడుతుందో డాక్టరమ్మకూ తెలియదట.

మీరు మాత్రం రండి. కొట్టు నాలుగు రోజులు మూసినా ఫరవాలేదు. పచ్చళ్ళూ, చీరలూ ఏమీ మోసుకురావద్దు. మూల పడేసిన ఆ పాత గాలి పంపు ఒక్కటి గుడ్డలో చుట్టి పట్టుకురండి. వాడి పక్కన కూర్చుని మీరు కొడుతూ ఉండండి, నేను చెబుతూ ఉంటాను. మీకు వినపడదు కాబట్టి, వాడు సుయ్ అంటే మీ భుజం తట్టి చెబుతాను.

ఇట్లు,
మీ రాక కోసం చూసే,
పృథ్వీ నానమ్మ