గోలు వలలో చిరుగు

పినాంగు, 14-6-1961

మునెయ్య అన్నకు తమ్ముడు ఓబయ్య దండాలు. ఇక్కడ నేను కులాసా.

మనం వలేసేవాళ్ళమని చెబితే చిన్నచూపు చూస్తారు, ఎవరికీ చెప్పొద్దు అని రాశావు. మొన్న ఆదివారం చెప్పేశాను. మా రేవు కూలీలకూ గుమాస్తాలకూ ఫుట్‌బాల్ మ్యాచి జరిగింది. మావాడు కొట్టిన బంతి గోలు వల చించుకుని అవతల పడింది. రెఫరీ మాత్రం బంతి పక్కనుంచి పోయిందనీ, చిరుగు పాతదనీ గోలు ఇవ్వలేదు. నేను మైదానంలోకి దిగి తెగిన నూలు కొసలు చూపించాను. పాత చిరుగైతే కొస వానకూ దుమ్ముకూ నల్లబడుతుంది. ఇది దూదిలా తెల్లగా ఉంది.

"నీకేం తెలుసురా?" అన్నాడు రెఫరీ.

"మేం మైపాడు చేపలోళ్ళం! వల సంగతి నాకా నువ్వు చెప్పేది?" అని మైదానమంతా వినపడేలా అరిచాను. గోలు ఇచ్చాడు.

గుమాస్తాలు ఇప్పుడు నన్ను "చేపలోడా" అని పిలుస్తున్నారు. తలెత్తి పలుకుతున్నాను. నువ్వు కోప్పడినా సరే, ఇక దాచను.

అమ్మకు దగ్గు తగ్గిందా? పడవకు తారు పూశారా? వదినకు దండాలు, పిల్లలకు ముద్దులు. ఇటు వచ్చేవాళ్ళ చేత నాయన వల కుట్టే వెదురు సూది పంపించు. ఆ గోలు వల ఇంకా చిరిగే ఉంది. అందరూ చూస్తుండగా నేనే కుడతాను.