కోర్టు హాలు పడమటి గోడ

ప్రియమైన ఇంజనీరమ్మకు,

తాత దీవెనలు. రాతలో తప్పులుంటే సర్దుకో. నేను బడికెళ్లింది మూడేళ్లే, అందులో రెండేళ్లు గోడ దూకడానికే సరిపోయాయి. తుంటి విరిగాక మీ అమ్మ నన్ను మంచం దిగనివ్వట్లేదు. జైల్లోనైనా సాయంత్రం కాసేపు వదులుతారట. పాత కోర్టు బాగుచేసే పని నీకిచ్చారట కదా. నలభై ఏళ్ల కిందట హాలు పడమటి గోడకి సిమెంటు పూసింది నేనే. మీ నాన్న తాపీ పట్టడం నేర్చుకున్నదీ అక్కడే. ఇప్పటికీ 'మా నాన్న చెయ్యి పడిన గోడ' అని ఊరంతా చెప్పుకుంటాడు, పిచ్చోడు.

మంచానికి అతుక్కుపోయిన
మీ తాత

ప్రియమైన తాతయ్యకు,

ఆ గోడే నా ప్రాణం తీస్తోంది. లోపలంతా చెమ్మ, ఇటుకలు పిండైపోతున్నాయి. ఆ హాల్లో కూర్చుంటే నాకే ఊపిరాడట్లేదు. పునాది పోయింది, హాలు కూల్చేద్దామని మా ఆఫీసరు పట్టు. నెలాఖరులోగా సంతకం పెట్టమంటున్నాడు. పెట్టనంటే చెమ్మకి వేరే కారణం చూపించాలి, నాకు దొరకట్లేదు. పాత ప్లానులో గోడ అడుగున ఎనిమిది గాలి కన్నాలున్నాయి. గోడకి ఒక్కటీ లేదు. నీకేమైనా గుర్తుందా?

నీ మనవరాలు

బంగారం,

గుర్తులేదని రాసి రెండు కాగితాలు చించా. మూసింది నేనే. ఎలుకలు దూరి ఫైళ్లు కొరికేస్తున్నాయని గుమాస్తా గోల. జాలీలు బిగిస్తే రెండు రోజుల పని, సిమెంటు కుక్కితే ఒక్క పూట. సున్నం గోడకి గాలాడాలిరా, లేకపోతే చెమ్మ పడుతుంది అని పెద్దమేస్త్రి చెప్పనే చెప్పాడు. ముసలాడి చాదస్తం అనుకున్నా. నేలకి జానెడు పైన కొట్టి చూడు. మీ నాన్నకి మాత్రం చెప్పకు.

తాత

తాతయ్యా,

ఒకటి దొరికింది. అయినా ఆఫీసరు నమ్మట్లేదు. మూసినవాళ్లు సంతకంతో రాసిస్తేనే కూల్చడం ఆపుతాడట. అది అందరూ చూసే ఫైల్లో ఉంటుంది, నాన్నకి తెలియకుండా ఆగదు. నిన్ను అడగలేను. అడక్కుండానూ ఉండలేను.

నీ మనవరాలు

బంగారు తల్లికి,

నా కోడిగీతలు మీ ఆఫీసరుకి అర్థం కావని, కాగితం మీ నాన్న చేతే రాయించా. నేను చెబుతుంటే వాడు రాశాడు. మధ్యలో రెండు జోకులేశా, నవ్వలేదు. సంతకం పెట్టాక అన్నాడు: "నాకూ ఇలాగే నేర్పావు కదా నాన్నా. ఎన్ని పాత గోడలకి సిమెంటు పూశానో."

కాగితం, ఈ ఉత్తరం రేపు వాడే తెస్తాడు. మిగతా ఏడూ తన చేత్తోనే తెరుస్తాడట. ఆ మాట నాతో కాదు, మీ అమ్మతో చెప్పాడు. నా గది తలుపు దగ్గరగా వేసి, బయట తాపీకి పట్టిన సిమెంటు గీకుతున్నాడు. పిలిస్తే వినబడేంత దూరమే. పిలవడానికి నోరు రావట్లేదు.

మీ తాత