పిప్పి మీద సంతకం

2007 ఫిబ్రవరి, మంగళవారం

కరెంటు కంపెనీ ఆఫీసరు ఇవాళ అనకాపల్లి నుంచి జీపులో వచ్చి మా బెల్లం పొయ్యి కాడ మీటింగ్ పెట్టేడు. క్యోటో ఒప్పందమన్నాడు, కార్బన్ క్రెడిట్టన్నాడు. మా చెరకు పిప్పితో వాళ్లు కరెంటు తీత్తే భూమి వేడి తగ్గుద్దంట, ఆ క్రెడిట్టు అమ్ముకున్న డబ్బు మాత్రం కంపెనీకే వత్తాదంట. సంతకం పెట్టమన్న కాగితంలో పిప్పిని 'చెత్త' అని రాసేరు. నాకు ఒళ్లు మండిపోయింది.

పొయ్యిలో పిప్పి ఎగెయ్యడం ఆపేసి, తెడ్డు ఆయన చేతిలో పెట్టేను. "కలపండి బాబూ, ఈ పాకం మీదే."

కాసేపటికి మంట చచ్చిపోయింది. "ఏంటిది, కాగడం లేదు?" అని కంగారు పడ్డాడు.

"మరి సెత్త ఎయ్యలేదు కదండీ! ఇది మీరట్టుకుపోతే మేం దేంతో వండుకోవాల? క్రెడిట్టుతోనా?"

అందరూ గొల్లుమన్నారు. పాకం పాడవుద్దన్న భయంతో ఆయనే పరిగెట్టి, రెండు చేతులా పిప్పి తెచ్చి పొయ్యిలో కుక్కేడు!

మా బావ సూరన్న మాత్రం నవ్వలేదు. "వానలు వరస తప్పేయి కదేటి బావా, అదీ అబద్ధమేనా?"

అబద్ధం కాదు. అదే గుచ్చుకుంటంది. కానీ పిప్పి పోతే మేం చెట్లు నరికి పొయ్యిలో పెట్టాల. అప్పుడు భూమి చల్లబడిపోద్దా? ఆ లెక్క ఆఫీసరు కాగితంలో ఎక్కడా లేదు.

బావ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా ఇద్దరి పిప్పీ ఒకటే కుప్ప. బావ సంతకం పెడితే నా పొయ్యీ ఆరిపోయినట్టే. పెట్టమను సూద్దాం! పిప్పి ఎత్తుకుపోడానికి కంపెనీ లారీ వచ్చినా కదలను, ఆ కుప్ప మీదే చాపేసుకు పడుకుంటాను...