ఐదో మనిషి

తాండూరు,
మంగళవారం.

తమ్ముడు శ్రీశైలానికి,

మన మధ్య గోడ లేచిన తొమ్మిదేళ్లకు నీకు రాస్తున్నాను. మరదలు మల్లీశ్వరిని ఏమీ అనొద్దు. అది ముందు చెప్పాలి.

మీ వదిన పోయిన పదకొండో రోజు నుంచి నా పొయ్యి వెలగలేదు. నువ్వు కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీకి పోయాక మల్లీశ్వరి గోడ మీది నుంచి అన్నం డబ్బా అందిస్తోంది. నీకు తెలియదనే అనుకున్నాను.

ఈ పొద్దున జనాభా లెక్కల టీచరమ్మ వచ్చింది. ఒకే వంట తినేవాళ్లంతా ఒక కుటుంబం కింద లెక్కట. "మీ వంట ఏడ సార్?" అని అడిగింది. మల్లీశ్వరికి మాటొస్తుందని భయపడి, నేనే వండుకుంటానన్నాను. ఆమె వంటింట్లోకి చూసింది. చల్లటి పొయ్యి మీద నీ పేరు చెక్కించిన స్టీలు డబ్బా ఉంది.

"గట్లెట్ల సార్? పక్కింటాయన నిన్న ఐదుగురని రాయించిండు. నలుగురే ఉన్నరు గదా అంటే, 'గోడవతల మా అన్న ఉన్నడు, మా ఇంట్లనే తింటడు, రాసుకో మేడం' అన్నడు. ఇప్పుడు మీ పేరు రెండు చోట్ల వస్తది. ఏది తీసెయ్యాలె?"

రేపటి దాకా గడువు అడిగాను.

ఇక్కడిదే తీసేయమంటాను. అప్పుడు మీ వదిన ఇల్లు ఖాళీ అని రాసుకుంటారు. ఆ మాట ఒక్కడినే చెప్పలేను. టీచరమ్మ పదింటికి వస్తుంది. రేపు డ్యూటీకి కాస్త ఆలస్యంగా పో.

ఈ కాగితం ఖాళీ డబ్బాలో పెడుతున్నాను. ఇక డబ్బా పంపొద్దని మల్లీశ్వరికి చెప్పు. నేనే వచ్చి తింటాను.

అన్న