చెవి వెనుక చుక్క

చిరంజీవి పిచ్చుకను అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ మేమిద్దరం క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మీ నాన్న మటుకు నిజంగానే క్షేమం. మోకాలి నొప్పి తగ్గింది, చాదస్తం తగ్గలేదు. నీ ఉత్తరం రాగానే గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదివి, "దీని అక్షరాలు కూడా దీనిలాగే ఎగురుతుంటాయి" అని నవ్వి, కళ్ళజోడు తుడుచుకోవడానికి లోపలికి వెళ్ళారు. చాలాసేపు తుడుచుకున్నారు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. వంటింటి కుళాయి బాగు చేయించాం. నీ నీలం స్వెట్టర్ బీరువాలోనే ఉంది, పంపిస్తాను. పార్లర్‌కు పనికి ఇంకా వెళ్తున్నావా అని అడిగావు. మొన్న శనివారం వరకు వెళ్ళాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

హోటల్లో నిన్ను ముందు బల్ల దగ్గర నుంచి తీసేసి, లోపల ఫోన్ల గదిలో కూర్చోబెట్టారని రాశావు. "నయమేలే అమ్మా, ఇక్కడ కుర్చీ మెత్తగా ఉంది" అని కూడా రాశావు. అది చదివి ఏడ్చాను. నీకు మనుషుల్ని పలకరించడమంటే ఎంత ఇష్టమో నాకు తెలియదా? చిన్నప్పుడు గ్యాస్ బండ తెచ్చినతన్ని కూడా కూర్చోబెట్టి కబుర్లు చెప్పేదానివి. ఆ చెంప మీది మచ్చకు చికిత్స జరిగితే మళ్ళీ ముందుకు పంపుతారేమో. పార్లర్ వాళ్ళు నష్టపరిహారం ఇస్తే తప్ప అది మనవల్ల అయ్యే పని కాదు.

ఏడు నెలలైనా ఆ రోజు నా కళ్ళ ముందే ఉంది. సెలవుకు వచ్చావు. మొటిమల మచ్చలు పోవడానికి పైచర్మం ఊడదీసే ఆ పీల్ మందు వేయమని సరదా పడ్డావు. అది వేసే ముందు ఎవరికైనా సరే చెవి వెనుక ఒక చుక్క రాసి, ఒక రోజు ఆగి, ఎర్రబడలేదని చూసుకుని, టెస్ట్ చేశామని కార్డు మీద సంతకం చేయాలి. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి అమ్మాయికీ ఇరవై రెండేళ్ళుగా నేను మొదట చెప్పేది అదే. నువ్వు కూడా అడిగావు, "నాకు చుక్క పెట్టవా?" అని.

"నలుగు పెట్టి పెంచిన ఒళ్ళు, నాకు తెలియదా? పడుకోవే" అన్నాను.

నాలుగు నిమిషాలు కాకముందే "మండుతోందమ్మా" అన్నావు. "కాస్త ఓర్చుకో" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను తినేస్తోంది.

పార్లర్ వాళ్ళకు పంపిన లాయరు నోటీసులో నా పేరు రాయనివ్వలేదట నువ్వు. "అక్కడ పనిచేసే ఆవిడ" అని మాత్రమే రాయించావని లాయరుగారు మీ నాన్నతో ఫోన్‌లో అన్నారు. ఇప్పుడు పార్లర్ మేడమ్ పంపిన జవాబు చూసి నన్ను అడిగావు. "ముందు రోజే టెస్ట్ చేశామని కార్డు ఉందంటున్నారు. అది మేడమ్ పుట్టించిందే కదమ్మా? ఆ ఒక్క ముక్క రాసి పంపు చాలు. లేకపోతే కేసు నిలవదంటున్నారు."

మూడు వారాలుగా ఈ ఉత్తరం మొదలుపెట్టడం, చింపడం. ఫోన్ చేద్దామంటే నీ గొంతు వినగానే నీళ్ళు నములుతాను.

తల్లీ, ఆ కార్డు మీద సంతకం నాది.

ఆసుపత్రిలో నీ చెంపకు కట్టు కట్టించి, బెంచీ మీద కూర్చోబెట్టి, "బట్టలు తెస్తాను, కదలకు" అని వెళ్ళాను గుర్తుందా? ముందు పార్లర్‌కు వెళ్ళాను. మేడమ్ నా ముందు కార్డు పెట్టింది. "కన్నకూతురికే టెస్ట్ చెయ్యలేదని నలుగురికీ తెలిస్తే, ఇంకెవరైనా మీ చేతికి మొహం అప్పజెప్తారా అక్కా?" అంది. కోప్పడలేదు, మెల్లగానే అంది. ముందు రోజు తేదీ వేసి సంతకం పెట్టాను. బలవంతం చేసిందని రాస్తే నువ్వు నమ్ముతావు, కానీ ఎవరూ బలవంతం చేయలేదు. ఈ చేతులకున్న మంచి పేరు పోతుందని భయపడ్డాను. నువ్వు కట్టుతో ఎదురుచూస్తుంటే నేను చేసి వచ్చిన పని అది. "ఇంతసేపు ఎక్కడికెళ్ళావమ్మా?" అన్నావు. బస్సు దొరకలేదన్నాను.

శనివారం మేడమ్‌కు తాళాలు ఇచ్చేసి వచ్చాను. జరిగింది జరిగినట్టు ఒక కాగితం మీద రాసి ఈ కవరులోనే పెడుతున్నాను. టెస్ట్ చేయలేదని, కార్డు తర్వాత పుట్టిందని, రాసింది నేనేనని. కింద నా పూర్తి పేరు ఉంది. మీ నాన్నకు చదివి వినిపించాను.  ఆ పూట ఆయన అన్నం తినలేదు. ఆ కాగితం లాయరుగారికి ఇవ్వు, నా మీద జాలిపడి దాచకు. కొన్నాళ్ళు నాకు ఉత్తరం రాయబుద్ధి కాకపోతే రాయకు. నాన్నకు మాత్రం రెండు ముక్కలు రాస్తూ ఉండు. ఇందులో ఆయన తప్పేమీ లేదు.

ఒక ప్రశ్న మిగిలిపోయింది. "మచ్చకు ఏ క్రీమ్ రాసుకోమంటావమ్మా?" అని అడిగావు. ఇంత జరిగాక కూడా నన్నే అడిగావు. నాకు తెలియదు తల్లీ. డాక్టరుగారిని అడుగు. ఆయన ఏది ఇచ్చినా ముందు చెవి వెనుక ఒక చుక్క రాసి, ఒక రోజు ఆగు. రాసే చెయ్యి ఎవరిదైనా సరే, ఆగమని చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ